ముడి పడని కొస

పదకొండేళ్ళండీ.
రాత్రి ఏడున్నర అయ్యేసరికి
మార్తమ్మ గారి వరండాలో ఆరు పీటలు, ఆరు సూదులు.
కళ్ళు టీవీకి అప్పగించేసి
వేళ్ళతో లేసు అల్లేవాళ్ళం.
చూడకుండా అల్లగలిగిన పని అది,
అల్లకుండా చూడలేని కథ అది.

"తొమ్మిదో గుమ్మం" మొదలైనప్పుడు
వీరమణి కడుపులో ఉంది పిల్ల.
ఇప్పుడా పిల్ల ఆరో తరగతి,
లెక్కలు చేసుకుంటూ మాతోపాటే తిడుతుంది
కథలో అత్తని.

కమలిని ముఖం మూడుసార్లు మార్చారు. ఓర్చుకున్నాం.
ముఖం మారితే ఏం, గొంతు అదేగా అనుకున్నాం.
గొంతూ మార్చారు.
కరెంటు పోతే కాలవ దాటెళ్ళి
రొయ్యల షావుకారు ఇంటి కిటికీ దగ్గర
దోమల్లో నిలబడి చూశాం.
తుఫానుకి డిష్షు ఎగిరిపోతే
మర్నాడు నరసాపురం బస్సులో
ముక్కూ మొహం తెలీని ఆవిడని
"రాత్రేమైందండీ" అని అడిగాను నేను.
ఆవిడ టిక్కెట్టు తీసుకోవడం కూడా మర్చిపోయి చెప్పింది.

ఆ ఇత్తడి పెట్టె జ్ఞాపకముందా రచయిత గారూ?
రెండో ఏడు, శ్రావణంలో,
పోతూ పోతూ మావగారు కమలిని చేతిలో పెట్టింది.
"సమయం వచ్చినప్పుడు తెరు తల్లీ" అన్నారు.
తొమ్మిదేళ్ళు ఆ సమయం కోసం కూర్చున్నాం.
పొలం కాగితాలే అనేది పేరంటాలు.
కాదు, ఉత్తరం, ఇంకో బిడ్డ సంగతి, అనేవారు మార్తమ్మ గారు.
ఈ మాట మీద ఇద్దరికీ
ఒక వేసవంతా మాటల్లేవు.

ఆఖరి వారం.
సోమవారం అత్త చెడ్డది.
మంగళవారం మెట్ల మీంచి జారిపడింది.
బుధవారం మంచిదైపోయింది.
గురువారం, పోయాడనుకున్న మరిది
సూట్‌కేసుతో దిగి, ఎవరూ ఏమీ అడక్కుండానే
భోజనానికి కూర్చున్నాడు.
శుక్రవారం అందరూ కొత్త బట్టలు కట్టుకుని
వరసగా నిలబడి మాకు దణ్ణం పెట్టారు.
పెట్టె వాళ్ళ వెనకాలే, బీరువా మీద.
నేను చూశాను. మూత వేసే ఉంది.

మార్తమ్మ గారు టీవీ కట్టేశారు.
ఎవరం లేవలేదు.
లాకులు ఎత్తినట్టున్నారు, కాలవలో నీళ్ళ హోరు.
"అంతేనా?" అంది పిల్ల.

తిట్టుకుంటూనే పడుకున్నాను.
నిద్ర రాలేదు. బల్లగుడ్డ గుర్తొచ్చింది.

నిరుడు క్రిస్మస్‌కి ముందు ఏజెంటు కొండబాబు తెచ్చాడు,
రెండు నెలల పని.
నెల తిరక్కుండానే వచ్చి
"ఓడ శనివారమేనంట, ఎలాగోలా ముగించెయ్యండమ్మా" అన్నాడు.
నూట నలభై పువ్వులు, ఒక్కోటీ ప్రాణం పెట్టి అల్లినవి.
అతుకుపని ఒక్క రాత్రిలో అయిపోవాలి.
కొసలు ముడెయ్యకుండా లోపలికి తోసేశాం.
పైకి ముచ్చటగానే ఉంది.
మొదటి ఉతుక్కే విడిపోతుందని
ఆరుగురికీ తెలుసు.
డబ్బులు లెక్కపెట్టుకున్నాం.

మీకూ ఓ కొండబాబు ఉండుంటాడు.
కమలిని ఇంకెక్కడో సంతకం పెట్టేసుంటుంది,
ఆ ఇంటి అద్దె పెరిగుంటుంది.
అదైతే సర్దుకుంటానండీ, మనం మనం ఒకటే కూలి.
కానీ పెట్టె చేతికిచ్చిన రోజున
అందులో ఏముందో మీకే తెలీదేమో
అన్న అనుమానం మాత్రం నన్ను తినేస్తోంది.

అంతర్వేది దగ్గర పడవలో వెళ్ళారా ఎప్పుడైనా?
చెయ్యి ముంచి నాలిక మీద వేసుకుంటూ పోతే
తీపి, తీపి, కాస్త చప్పన,
ఎక్కడ ఉప్పయిందో పడవాడు కూడా చెప్పలేడు.
ముగియడం అంటే...
వద్దులెండి, లేసల్లుకునేదాన్ని, నాకెందుకు గోదారితో పోలికలు.

ఆ బల్లగుడ్డ ఏ దేశంలో ఉందో.
ఎవరావిడో ఆరేస్తుంటే
పువ్వులు గడ్డిలో ఒక్కొక్కటే రాలుతుంటాయి.
మమ్మల్ని తిడుతుందో, తన చేతుల్నే తిట్టుకుంటుందో.

నిన్న ఏడున్నరకి టీవీ పెట్టలేదు.
అలవాటుకొద్దీ అందరం వచ్చి కూర్చున్నాం, అంతే.
పిల్ల నోటుపుస్తకం వెనక పేజీ తిప్పి
"పెట్టెలో ఏముందంటే" అని పెన్సిల్‌తో రాసి
ఆగిపోయింది.
పెన్సిల్ కొరికింది. దూలాలకేసి చూసింది.
"ఉండండి, ఇంకా తెలీలేదు."

"తొందరేం లేదమ్మా" అన్నాం
ఆరుగురం ఒక్కసారే.